ప్యాడాక్ మూసిన సీజన్‌లో బ్రిటన్ క్లబ్ రేసులు: ఏ సర్క్యూట్ మేలు, ఎక్కడ దిగాలి

బ్రిటన్‌లో క్లబ్ రేసు అంటే వారమంతా ఉద్యోగం చేసుకునే మనుషులు శనాదివారాల్లో సొంత కారును ట్రెయిలర్ మీద లాక్కొచ్చి ఆడే పోటీ. టికెట్ అప్పట్లో పదిహేను పౌండ్లకు అటూ ఇటూ. మామూలు రోజుల్లో ఆ టికెట్‌తోనే ప్యాడాక్‌లోకి, అంటే కార్లు నిలిపి రేసుకు సిద్ధం చేసే ఆవరణలోకి, నడిచిపోవచ్చు. బానెట్ ఎత్తి ఉన్న కారు పక్కన నిలబడి, టైర్లలో గాలి ఎంత పెట్టారని అడిగినా ఎవరూ విసుక్కోరు. కరోనా లాక్‌డౌన్ తర్వాత 2020 వేసవిలో రేసులు మళ్లీ మొదలైనప్పుడు ప్రేక్షకుడికి పోయింది సరిగ్గా ఇదే. మెల్లగా కొన్ని మీటింగులకు (క్లబ్‌లు రేసులు నడిపే రోజులకు) ట్రాక్ పక్కన కూర్చుని చూసే గట్ల మీదికి జనాన్ని రానిచ్చారు గానీ ప్యాడాక్‌ను మాత్రం డ్రైవర్లకు, వాళ్ల వెంట వచ్చే ఒకరిద్దరికే ఉంచారు.

దాంతో సర్క్యూట్ ఎంచుకునే లెక్క మారిపోయింది. రెండు రేసుల మధ్య తిరిగి చూడ్డానికి ప్యాడాక్ లేనప్పుడు రోజంతా గడిచేది గట్టు మీదే. ఒకచోట కూర్చుంటే ట్రాక్ ఎంత మేర కనిపిస్తుంది, పావుగంట రేసులో అదే కారు మన ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్తుంది, అన్న రెండు ప్రశ్నలే ముఖ్యం. పేరున్న పెద్ద ట్రాక్‌లు ఈ లెక్కలో వెనకబడ్డాయి, చిన్నవి ముందుకొచ్చాయి.

ముందు తేదీలు చూసుకోవాలి

బ్రిటన్ కారు రేసుల పాలక సంస్థ మోటార్‌స్పోర్ట్ యూకే 2020 మార్చిలో పోటీల అనుమతులన్నీ ఆపేసి, జులై 4 నుంచి మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది. అదే రోజు ఇంగ్లండ్‌లో హోటళ్లు కూడా తెరుచుకున్నాయి. సెప్టెంబర్ 14 నుంచి ఆరుగురికి మించి గుంపు కూడదన్న నియమం వచ్చింది. రెండు కుటుంబాలు కలిసి వెళ్దామనుకుంటే పిల్లలతో సహా ఆరుగురిలోపు లెక్క సరిపోవాలి. అక్టోబర్ 14 నుంచి ఆంక్షల తీవ్రతను బట్టి ప్రాంతాలను మూడు టియర్లుగా (స్థాయులుగా) విడగొట్టారు. నవంబర్ 5 నుంచి డిసెంబర్ 2 దాకా మళ్లీ లాక్‌డౌన్. నవంబర్ మధ్యలో బ్రాండ్స్ హ్యాచ్‌లో బ్రిటిష్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ ఆఖరి రౌండ్ జరిగిందంటే అది వృత్తి క్రీడలకు ఇచ్చిన మినహాయింపు వల్ల, అదీ ప్రేక్షకులు లేకుండా. క్లబ్ రేసులకు ఆ వెసులుబాటు లేదు.

2021లో చాలామందిని తికమక పెట్టినది మార్చి 29 తేదీ. ఆ రోజు నుంచి ఆరుబయట క్రీడలు ఆడుకోవచ్చన్నారు, క్లబ్‌లు రేసులు పెట్టాయి. కానీ చూసేవాళ్లను రానిచ్చింది మే 17 నుంచే. అప్పుడు కూడా ఆరుబయట వేదికలకు నాలుగు వేల మంది లేదా సామర్థ్యంలో సగం, ఏది తక్కువైతే అది పరిమితి. క్లబ్ మీటింగుకు వచ్చే జనానికి నాలుగు వేలు ఎక్కువే కాబట్టి ఆచరణలో ఇబ్బంది రాలేదు. జులై 19తో చట్టపరమైన పరిమితులు పోయాయి. ఆ ఏడాది క్లబ్ రేసుల యాత్ర పెట్టుకోవడానికి హాయిగా ఉన్న కాలం జులై చివరి నుంచి సెప్టెంబర్ దాకా.

ఇవన్నీ ఇంగ్లండ్ సంగతులు. వేల్స్, స్కాట్లండ్ ఎవరి నియమాలు వాళ్లవి. 2020 ఆగస్టులో వేల్స్‌లో ఆరుబయట కలుసుకునే జనం ముప్ఫైకి మించకూడదు, అక్టోబర్ 23 నుంచి నవంబర్ 9 దాకా విడిగా ఒక లాక్‌డౌన్ కూడా పెట్టారు. సముద్రపు ఒడ్డున ఉన్న యాంగిల్సీ సర్క్యూట్ ఎంత అందమైనదైనా ఆ సీజన్‌లో ప్రయాణానికి లెక్కలోకి తీసుకోదగినది కాదు. స్కాట్లండ్‌లోని నాక్‌హిల్ ఒక ల్యాప్ (ఒక చుట్టు) 1.27 మైళ్లే, మన లెక్కకు అచ్చంగా సరిపోయే ట్రాక్. అయితే ఇంగ్లండ్ నుంచి సరిహద్దు దాటే ప్రయాణ నియమాలు వారానికోలా మారుతుంటే దాన్ని నమ్ముకుని గది బుక్ చేయడం తెలివైన పని కాదు.

టికెట్, గేటు

ఆ సీజన్‌లో గేటు దగ్గర టికెట్ అమ్మకం ఎత్తేశారు. ముందే ఆన్‌లైన్‌లో కొనాల్సి వచ్చేది, కొన్న ప్రతి టికెట్‌కూ పేరు, ఫోన్ నంబరు ఇవ్వాల్సి వచ్చేది. కరోనా సోకినవాళ్లను, వాళ్ల దగ్గర మసలినవాళ్లను గుర్తించే టెస్ట్ అండ్ ట్రేస్ కోసం ఆ వివరాలను 21 రోజులు దాచేవాళ్లు. 2020 సెప్టెంబర్ 24న ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ వాళ్ల కరోనా యాప్ వచ్చాక కాంటీన్ల దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం కూడా చేరింది. గేటులో టికెట్‌ను కారు అద్దం మూసి ఉండగానే స్కాన్ చేసేవాళ్లు కాబట్టి కాగితం మీద అచ్చు వేసుకెళ్లడం మేలు. ఫోన్ తెర మీద ఎండ పడితే అద్దం అవతలి నుంచి బార్‌కోడ్ చదవదు, వెనక వరుస ఆగిపోతుంది.

ఒక క్లబ్ మీటింగుకు ప్రేక్షకులను అనుమతించి, అదే ట్రాక్‌లో తర్వాతి వారం మరో క్లబ్ మీటింగుకు గేట్లు మూసేసిన సందర్భాలున్నాయి. కారణం సులువే. ట్రాక్ యజమాని ఒకరు, మీటింగ్ నడిపే క్లబ్ వేరొకరు. బీఆర్ఎస్‌సీసీ, బీఏఆర్‌సీ, 750 మోటార్ క్లబ్, సీఎస్‌సీసీ ఇలా క్లబ్‌లు చాలా, ఎవరి జాగ్రత్తలు వాళ్లవి. అందుకని సర్క్యూట్ క్యాలెండర్‌లో తేదీ కనిపించగానే గది బుక్ చేయకూడదు. ఆ మీటింగుకు టికెట్ అమ్మకం మొదలైందా అని చూడాలి, తర్వాత క్లబ్ వాళ్ల ప్రకటన చూడాలి, ఆ తర్వాతే గది.

బ్రాండ్స్ హ్యాచ్: మొదటి స్థానం

కెంట్‌లో ఎమ్25 మూడో జంక్షన్ నుంచి ఏ20 మీద కొద్ది దూరం. క్లబ్ రేసులు ఎక్కువగా జరిగేది 1.2 మైళ్ల ఇండీ సర్క్యూట్ మీద. ట్రాక్ అంతా ఒక లోయలో ఉంటుంది, చూసేవాళ్లు చుట్టూ ఉన్న గట్ల మీద. ప్యాడాక్ హిల్ గట్టు మీద నిలబడితే స్టార్ట్ గీత నుంచి ప్యాడాక్ హిల్ మలుపు, ఎదురుగా ఎక్కే హెయిల్‌వుడ్ హిల్, పైన దాదాపు వెనక్కి తిరిగే డ్రూయిడ్స్ హెయిర్‌పిన్ మలుపు, మళ్లీ దిగి గ్రాహమ్ హిల్ మలుపు దాకా ఒక్క చూపులో కనిపిస్తాయి. ఎదుటి వైపు సౌత్ బ్యాంక్‌కు వెళ్తే డ్రూయిడ్స్ నుంచి క్లియర్‌వేస్ దాకా. కారు గట్టు అంచున పెట్టుకుని, వాన వస్తే లోపలే కూర్చుని చూడొచ్చు. దూరం పాటించాల్సిన రోజుల్లో ఇంతకంటే మంచి ఏర్పాటు ఎక్కడా లేదు.

మాజ్డా ఎమ్‌ఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారు ఇక్కడ ఒక ల్యాప్ నిమిషానికి అటూ ఇటూగా తిరుగుతుంది. పావుగంట రేసులో పదిహేను సార్లు మన ముందుకొస్తుంది. అదే కారు స్నెటర్టన్ పెద్ద ట్రాక్ మీద అదే పావుగంటలో ఆరేడు సార్లే కనిపిస్తుంది. ఎవరు ఎవరిని ఎక్కడ పట్టుకుంటున్నారో, ఏ మలుపులో బ్రేకు ఆలస్యంగా వేస్తున్నారో అర్థం కావడానికి ఈ తేడా చాలు.

ప్యాడాక్ హిల్ మలుపును తొందరపడకుండా చూడాలి. కారు మిట్ట మీదికి వచ్చేటప్పుడు మలుపు లోపలి అంచు డ్రైవర్‌కు కనబడదు. కుడికి తిప్పుతూనే నేల కింద పడిపోతుంది. కారు తేలికైపోయి, అడుగున గుంతలో సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుని, వెంటనే ఎదురెక్కుతుంది. ముందే తిప్పేసినవాళ్లు కింద ఎడమవైపు కంకరలోకి జారతారు. సరిగ్గా తిప్పినవాళ్లు అంచు రాళ్లను ఒరుసుకుంటూ పోయి, ఆ వేగంతో డ్రూయిడ్స్‌లో లోపలి వైపు ముక్కు దూర్చుతారు. ఒంటి సీటు కార్ల తరగతి ఫార్ములా ఫోర్డ్ 1600 రేసులో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ కార్లకు రెక్కలు ఉండవు, పట్టు తక్కువ. ముందు కారు చీల్చిన గాలిలో వెనక కారు సులువుగా దూసుకొస్తుంది కాబట్టి క్లియర్‌వేస్ నుంచి గుంపుగా వచ్చిన నాలుగైదు కార్లలో ప్యాడాక్ హిల్‌కు ముందు ఎవరుంటారో చివరి క్షణం దాకా తెలియదు. ఈ తరగతి మొదటి రేసు 1967లో జరిగింది కూడా ఈ ట్రాక్ మీదే.

బసకు సర్క్యూట్ ముఖద్వారం పక్కనే మెర్క్యూర్ హోటల్ ఉంది, నడిచి వెళ్లొచ్చు. రేసు వారాంతాల్లో ధర పెరుగుతుంది. డార్ట్‌ఫర్డ్, మెయిడ్‌స్టన్ వైపు చెయిన్ హోటళ్లలో దిగితే కారులో ఇరవై నిమిషాలు, ఖర్చు తక్కువ. కారు ఉంటే రెండోదే నా సలహా. ఉత్తరం నుంచి వచ్చేవాళ్లు డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ దాటితే ఉదయం 6 నుంచి రాత్రి 10 మధ్య అప్పట్లో 2.50 పౌండ్ల రుసుము. అక్కడ బూత్ ఉండదు, మరుసటి రోజు అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్‌లో కట్టాలి. మరిచిపోతే రేసు టికెట్‌కు కొన్ని రెట్లు జరిమానా పడుతుంది. కారు లేకపోతే స్వాన్లీ స్టేషన్‌లో దిగి టాక్సీ. వెళ్లేటప్పుడు దొరుకుతుంది, సాయంత్రం తిరుగు ప్రయాణానికే చిక్కు. ఉదయమే అదే టాక్సీతో తిరుగు సమయం మాట్లాడుకోవాలి. ఇంగ్లండ్‌లో 2020 జూన్ 15 నుంచి రైళ్లలో, బస్సుల్లో మాస్కు తప్పనిసరి అయింది.

క్యాడ్‌వెల్ పార్క్: దూరమైనా వెళ్లదగినది

లింకన్‌షర్ కొండల మధ్య, లౌత్ ఊరికి దగ్గర. 2.17 మైళ్లు, ట్రాక్ సన్నం. చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ పోయి, మౌంటెన్ అనే ఏటవాలు మిట్ట దగ్గర నిటారుగా ఎక్కుతుంది. తేలికైన కార్ల ముందు చక్రాలు అక్కడ నేల వదిలేస్తాయి. స్టీరింగ్ తిప్పి ఉండగా చక్రాలు నేలకు తగిలితే కారు పక్కకు గుంజుతుంది, అందుకే అనుభవమున్నవాళ్లు మిట్ట రాకముందే స్టీరింగ్ నేరుగా చేసుకుంటారు. కంచె పక్కన నిలబడి వరుసగా పది కార్లను చూస్తే కొత్తవాళ్లెవరో, పాతవాళ్లెవరో నంబరు చూడకుండానే చెప్పేయొచ్చు.

మౌంటెన్ దగ్గర నిలబడితే కనిపించేది కొంచెమే. ఎక్కువ చూడాలంటే పార్క్ స్ట్రెయిట్, క్రిస్ కర్వ్ వైపు గడ్డి గట్టు మీద కారు ఆపుకుని కూర్చోవాలి. లోయ అవతలిదాకా కార్లు కనిపిస్తూనే ఉంటాయి. పొద్దున అక్కడ కూర్చుని, మధ్యాహ్నం రెండు రేసులకు మాత్రం మౌంటెన్‌కు నడవడం మంచి పద్ధతి. చెట్ల కింద దారి ఏటవాలు, తడిస్తే బాగా జారుతుంది. మామూలు బూట్లు పనికిరావు.

ట్రాక్ సన్నం కాబట్టి దాటడాలు తక్కువ. ఇది దీని లోపం. ముందున్నవాడు పొరపాటు చేస్తే తప్ప స్థానాలు మారవు. శక్తిమంతమైన జీటీ కార్ల మీటింగు కంటే చిన్న తేలికపాటి కార్ల మీటింగును ఎంచుకుంటే ఇక్కడ రేసు రుచి తెలుస్తుంది.

లౌత్‌కు రైలు లేదు, అక్కడి స్టేషన్ 1970లోనే మూసేశారు. కారు లేనివాళ్లు దీన్ని వదిలేయడమే మంచిది. లౌత్, హార్న్‌కాసిల్ ఊళ్లలో చిన్న సత్రాల లాంటి పబ్ గదులు ఉంటాయి, బాగుంటాయి, తక్కువ ఉంటాయి. 2020 వేసవిలో విదేశాలకు వెళ్లలేని జనమంతా లింకన్‌షర్ సముద్రతీరానికి ఎగబడటంతో ఆ కొద్ది గదులూ నిండిపోయేవి. లింకన్‌లో దిగితే గదులు దొరుకుతాయి, ఉదయం ముప్పావుగంట ప్రయాణం అదనం. పల్లె దారుల్లో ట్రాక్టర్ వెనక పడితే ఇంకా ఎక్కువ. రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్ తొమ్మిదింటికైతే ఏడున్నరకల్లా బయల్దేరాలి.

ఓల్టన్ పార్క్

చెషర్‌లో లిటిల్ బడ్‌వర్త్ దగ్గర, పాత జమీందారీ తోటలో వేసిన ట్రాక్. అంతర్జాతీయ నమూనా (పూర్తి పొడవు ట్రాక్) 2.69 మైళ్లు. శబ్ద నియమాల వల్ల ఇక్కడ క్లబ్ మీటింగులు ఎక్కువగా శనివారాలే. శుక్రవారం రాత్రి గది తీసుకుంటే, శనివారం రేసు చూసుకుని అదే రాత్రి ఇంటికి చేరొచ్చు. ఒక్క రాత్రి బసతో పని అయిపోతుంది. రెండు రోజుల మీటింగుతో పోలిస్తే సగం ఖర్చు.

పార్క్ పెద్దది, జనం పలచగా విడిపోతారు. కరోనా రోజుల్లో మనశ్శాంతి ఇచ్చింది ఈ విశాలమే. క్యాస్కేడ్స్ దగ్గర గట్టు నుంచి ఎడమకు దిగే మలుపు, చెరువు పక్క నేరుదారి కనిపిస్తాయి. చివర్లో లాడ్జ్ మలుపు, దాని తర్వాత డియర్ లీప్ మిట్ట చూడాలి. అన్నిటినీ కలిపి చూపించే ఒక్క చోటు లేదు. అందుకని ఓల్టన్ నడిచి చూసే ట్రాక్. రేసుకో మలుపు చొప్పున మారితే రోజు గడిచిపోతుంది, కదలకుండా కూర్చునేవాళ్లకు మాత్రం నప్పదు. చెస్టర్, నార్త్‌విచ్ వైపు బస పుష్కలం.

డానింగ్టన్, స్నెటర్టన్, మిగతావి

డానింగ్టన్ పార్క్‌లో క్రేనర్ కర్వ్స్ పక్క గట్టు మీద కూర్చుంటే రెడ్‌గేట్ నుంచి ఓల్డ్ హెయిర్‌పిన్ దాకా కొండ దిగే కార్లు కనిపిస్తాయి. నేషనల్ సర్క్యూట్ 1.98 మైళ్లు. బస విషయంలో దీనికి ఒక సౌకర్యం ఉంది, పక్కనే ఈస్ట్ మిడ్‌లండ్స్ విమానాశ్రయం. ప్రయాణికులు లేక ఆ హోటళ్లు ఖాళీగా ఉండేవి. కానీ అది సరుకు విమానాల స్థావరం, రాత్రంతా రాకపోకలు ఉంటాయి. రన్‌వే వైపు కాకుండా రెండో వైపు గది అడగాలి. 2020 జులైలో లెస్టర్ నగరంలో దిగుదామనుకున్నవాళ్లకు దారి మూసుకుపోయింది. జూన్ 29న అక్కడ స్థానిక లాక్‌డౌన్ ప్రకటించడంతో దేశమంతా హోటళ్లు తెరిచిన జులై 4న కూడా ఆ నగరంలో తెరవలేదు. డార్బీ, లాఫ్‌బరో వైపు చూసుకోవాల్సి వచ్చింది. సర్క్యూట్ ఉన్న ఊరు, బస ఉన్న ఊరు, మన సొంత ఊరు మూడింటి నియమాలూ విడివిడిగా చూడాల్సిన కాలం అది.

స్నెటర్టన్ నార్‌ఫోక్‌లో ఏ11 పక్కన, పాత యుద్ధకాలపు విమాన స్థావరం మీద ఉంది. 300 అనే పొడవాటి నమూనా 2.97 మైళ్లు. డ్రైవర్లకు ఇష్టమైన ట్రాక్, దాటడాలు బాగా ఉంటాయి. ప్రేక్షకుడికి మాత్రం చదును నేల, నీడ లేదు, ఎదురుగాలి. బెంట్లీ స్ట్రెయిట్ చివర బ్రండల్, నెల్సన్ మలుపుల దగ్గర ఉంటే బ్రేకుల పోటీ బాగా కనిపిస్తుంది. వేసవిలో కూడా గాలి ఆపే కోటు తీసుకెళ్లాలి. థెట్‌ఫర్డ్‌లో బస చాలు. మీటింగు 200 నమూనా మీద అయితే ల్యాప్ చిన్నదై చూడ్డానికి మెరుగవుతుంది, టైమ్‌టేబుల్లో ఏ నమూనా అని రాసి ఉంటుంది, చూసుకోవాలి.

మాలరీ పార్క్ 1.35 మైళ్లే. చెరువు చుట్టూ తిరిగే ట్రాక్, జెరార్డ్స్ అనే పొడవాటి మలుపు, కొసన సన్నటి హెయిర్‌పిన్. ఒక్కరోజు యాత్రకు బ్రాండ్స్ తర్వాత దీన్నే చెబుతాను. కెంట్‌లోని లిడన్ హిల్ కేవలం ఒక మైలు, లోయలో ఉంటుంది కాబట్టి దాదాపు అంతా కనిపిస్తుంది, వసతులు మాత్రం నామమాత్రం. కాసిల్ కూంబ్ 1.85 మైళ్లు, చిప్పెనమ్‌లో బస, కారు ట్రాక్ పక్కనే పెట్టుకోవచ్చు. థ్రక్స్టన్ బ్రిటన్‌లో అతి వేగమైన ట్రాక్ అని పేరు. చర్చ్ మలుపు వేగం చూసి తీరాల్సిందే, అయినా కార్లు దూరంగా వెళ్లిపోయి చాలాసేపు కనబడవు. ప్యాడాక్ లేని రోజున ఆ ఖాళీ బాగా తెలుస్తుంది.

కంటికి కనిపించనిది ఫోన్‌లో తెలుసుకోవడం

ప్యాడాక్ మూసినప్పుడు అసలు నష్టం సమాచారానికి. ఏ కారు ఎందుకు ఆగిపోయింది, ఎవరు ఇంజన్ మార్చారు, ఎవరి గేర్‌బాక్స్ మొరాయిస్తోంది, ఇవన్నీ ప్యాడాక్‌లో నడుస్తుంటే చెవిన పడేవి. స్క్రుటినీరింగ్ (కార్ల భద్రతా తనిఖీ) కూడా చాలావరకు డ్రైవర్లు స్వయంగా రాసిచ్చే ప్రకటనగా మారింది, సంతకాలు ఆన్‌లైన్‌కు వెళ్లాయి, డ్రైవర్ల సమావేశం కాగితమో వీడియోనో అయింది. అచ్చు ప్రోగ్రామ్ పుస్తకం అమ్మడం చాలాచోట్ల ఆపేసి పీడీఎఫ్ పెట్టారు.

దీనికి మందు టైమింగ్ సైట్లు. చాలా క్లబ్‌లు టీఎస్ఎల్ టైమింగ్ వాడతాయి. ప్రతి కారులో సంకేతం పంపే ట్రాన్స్‌పాండర్ ఒకటి ఉంటుంది, గీత దాటిన ప్రతిసారీ ల్యాప్ సమయం వెంటనే తెర మీద పడుతుంది. ముందు రోజు రాత్రి టైమ్‌టేబుల్, ఎంట్రీ లిస్టు పీడీఎఫ్‌లు దించుకోవాలి, ఎందుకంటే క్యాడ్‌వెల్ లాంటి లోయల్లో సిగ్నల్ సరిగా ఉండదు. క్వాలిఫయింగ్ అయ్యాక వచ్చే, ఎవరు ఎక్కడి నుంచి మొదలుపెడతారో చూపే గ్రిడ్ షీట్‌ను కూడా సిగ్నల్ దొరికిన చోట ఆగి దించుకుంటే మధ్యాహ్నం రేసు చదవడం సులువు. షీట్‌లో కారు నంబరు పక్కన తరగతి అక్షరం ఉంటుంది. ఒకే రేసులో మూడు నాలుగు తరగతులు కలిపి పరుగెత్తిస్తారు, పదో స్థానంలో ఉన్నవాడు తన తరగతిలో మొదటివాడు కావచ్చు. లౌడ్‌స్పీకర్ వినబడని గట్ల మీద ఈ షీటే దిక్కు.

కొన్ని సర్క్యూట్లలో వ్యాఖ్యానం ఎఫ్ఎమ్ రేడియోలో వస్తుంది. కారులో కూర్చుని వినొచ్చు. కాకపోతే ఇంజన్ ఆపి రోజంతా రేడియో, హీటరు ఫ్యాను నడిపిస్తే సాయంత్రం బ్యాటరీ లేవదు. చవక చేతి రేడియో ఒకటి తీసుకెళ్తే ఆ బెడద ఉండదు.

క్వాలిఫయింగ్ పదిహేను నిమిషాలు, రేసులు పదిహేను ఇరవై నిమిషాలు, మధ్యాహ్నం విరామం. రోజు ఇలా సాగాలి. ఆ సీజన్‌లో ఈ క్రమం తప్పింది చివరి గంటలోనే. ట్రాక్ పక్కన జెండాలు ఊపి, ఆగిన కార్లను చూసుకునే మార్షల్స్‌లో పెద్ద వయసువాళ్లు చాలామంది ఇంట్లో ఉండిపోయారు. వాళ్లంతా జీతం లేని స్వచ్ఛంద సేవకులు, పోస్టుకు తగినంత మంది లేకపోతే రేసు మొదలు కాదు. రేసు ఆపే రెడ్ ఫ్లాగ్ ఒకటి పడి కంకరలోంచి కార్లు లాగడానికి అరగంట పోతే, సాయంత్రం శబ్దం ఆపాల్సిన గడువు మారదు కాబట్టి ఆఖరి రేసుకు కత్తెర పడుతుంది. టైమ్‌టేబుల్లో మీకు నచ్చిన తరగతి చివరి రేసుగా ఉంటే ఆ మీటింగును నమ్ముకుని దూరం వెళ్లొద్దు. ఆ తరగతికి రెండు రేసులు ఉండి, మొదటిది మధ్యాహ్నానికి ముందే అయితే నిశ్చింత.

గది, తిండి, మరుగుదొడ్లు

గదికి తక్కువ ధర చూసి మోసపోకూడదు. తక్కువ రేటు గదులకు డబ్బు తిరిగి రాదు. ప్రీమియర్ ఇన్ అనే చెయిన్ హోటళ్లలో ఫ్లెక్స్ రేటు తీసుకుంటే అప్పట్లో దిగే రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాకా రద్దు చేసుకోగలిగేవాళ్లు. రెండింటికీ తేడా పది, ఇరవై పౌండ్లు ఉన్నా ఆ సీజన్‌లో ఫ్లెక్స్ తప్ప మరొకటి తీసుకోవడంలో అర్థం లేదు. శుక్రవారం సాయంత్రం ఒక ప్రకటనతో ఊరంతా మూతపడే రోజులవి. మొత్తం వంద పౌండ్లు దాటితే క్రెడిట్ కార్డుతో కట్టాలి, సేవ అందకపోతే వినియోగదారుల రుణ చట్టంలోని సెక్షన్ 75 కింద బ్యాంకును అడగొచ్చు. ప్రయాణ బీమా మీద ఆశ పెట్టుకోకూడదు, 2020 మార్చి తర్వాత రాసిన పాలసీల్లో చాలావాటిలో కరోనా వల్ల కలిగే నష్టం వర్తించదన్న షరతు ఉండేది.

అల్పాహారం చెప్పుకున్నట్టు దొరికేది కాదు. చాలా హోటళ్లు భోజనాల గది మూసి సంచిలో ఒక బన్ను, పండు, రసం డబ్బా పెట్టిచ్చేవి, లేదా ముందురోజే సమయం రాయించుకోమనేవి. తొలి సమయం ఎనిమిదింటికైతే క్వాలిఫయింగ్ పోయినట్టే. 2020 సెప్టెంబర్ 24 నుంచి పబ్‌లు రాత్రి పదింటికే మూసేయాలన్నారు, వడ్డన బల్ల దగ్గరికే. రేసు ఆరింటికి ముగిసి, కారు పార్కు దాటి, ఊరు చేరేసరికి ఎనిమిదవుతుంది. ముందే బల్ల చెప్పి ఉంచకపోతే పస్తే. 2020 ఆగస్టులో ప్రభుత్వం తలకు పది పౌండ్ల దాకా సగం ధర తగ్గించిన పథకం సోమ, మంగళ, బుధవారాలకే వర్తించేది. రేసు ప్రేక్షకులకు అది కలిసొచ్చింది ఆగస్టు 31న మాత్రమే, ఆ సోమవారం బ్యాంకు సెలవు.

ట్రాక్ మీద ఆ రోజుల్లో బర్గర్ బండ్లు తక్కువ, వరుసలు పొడవు. మనిషికీ మనిషికీ దూరం వల్ల వరుస పొడుగ్గా కనబడటమే కాదు, మెల్లగా కూడా కదిలేది. మధ్యాహ్న విరామంలో కాకుండా క్వాలిఫయింగ్ ఆఖరి సెషన్ నడుస్తున్నప్పుడు వెళ్లాలి. నగదు తీసుకోని బండ్లే ఎక్కువ. కాంటాక్ట్‌లెస్ పరిమితి 2020 ఏప్రిల్ 1న 30 నుంచి 45 పౌండ్లకు పెరిగింది కాబట్టి కుటుంబానికి సరిపోయే బిల్లు పిన్ నొక్కకుండానే అయిపోయేది. సిగ్నల్ లేక మెషిన్ పనిచేయని చోట ఇబ్బందే, అందుకని తిండి, రెండు ఫ్లాస్కుల టీ ఇంటి నుంచే తీసుకెళ్లాలి. మరుగుదొడ్ల బ్లాకుల్లో కొన్నే తెరిచి ఉంచేవాళ్లు. రాగానే తెరిచి ఉన్నది ఎక్కడో చూసుకుని దానికి నడక దూరంలో కారు పెట్టుకోవడం, ముఖ్యంగా పిల్లలతో వచ్చేవాళ్లకు, మంచి గట్టు దొరకడమంత ముఖ్యం.

అక్టోబర్ మీటింగులు

వసంతంలో పోయిన రౌండ్లన్నీ 2020 అక్టోబర్‌లోకి జరిపారు. రేసులు బాగుంటాయి, ఛాంపియన్‌షిప్‌లు తేలేది అప్పుడే. కానీ అక్టోబర్ 25న గడియారాలు గంట వెనక్కి తిప్పాక నాలుగూ ముప్పావుకే సూర్యుడు అస్తమిస్తాడు. టైమ్‌టేబుల్లో ఒక రేసు తగ్గుతుంది, విరామం కుదించుకుపోతుంది. ఉదయం ట్రాక్ తడిగా, చల్లగా ఉంటే మొదటి క్వాలిఫయింగ్‌లో సగం మంది గడ్డిలోకి వెళ్తారు, ఆలస్యం అక్కడే మొదలవుతుంది.

గట్టు మీద పార్కింగ్ వేసవిలో వరం, అక్టోబర్‌లో ప్రమాదం. కారును పల్లానికి ముక్కు పెట్టి ఆపితే సాయంత్రం తడి గడ్డి మీద వెనక్కి ఎక్కించాలి, ముందు చక్రాల బండి అయితే చక్రాలు తిరుగుతాయి తప్ప కదలదు. వచ్చినప్పుడే తిప్పి, ముక్కు బయటికి ఉండేట్టు, వీలైతే రాళ్లు పరిచిన బాట పక్కన పెట్టాలి. ఇరుక్కుంటే యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుంత లోతవుతుంది. రెండో గేరులో మెల్లగా ప్రయత్నించి, కాకపోతే కారులోని కాళ్లపట్టాలు చక్రాల కింద వేసి చూసి, అప్పటికీ రాకపోతే సర్క్యూట్ సిబ్బంది ట్రాక్టర్ కోసం ఆగాలి. ఆఖరి రేసు జెండా పడ్డాక వాళ్లకు ట్రాక్ మీది కార్లు తెచ్చే పని ముందుంటుంది, గడ్డిలోని మన కారు వంతు తర్వాతే.